ఎనిమిది అంగుళాల గడ్డి

పెరట్లో కూరగాయలు పండించాలన్న ఉత్సాహం చాలామందికి తొలకరితో పుడుతుంది, కలుపుతో చల్లారిపోతుంది. ఓపిక లేనివాళ్లకు తోటపని అచ్చిరాదన్న మాట నేను నమ్మను. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, రెడ్డింగ్ అనే ఊళ్లో, రూత్ స్టౌట్ పెంచిన కూరల తోటే నా నమ్మకానికి ఆధారం. 1884లో పుట్టిన ఈవిడ డిటెక్టివ్ నవలల రచయిత రెక్స్ స్టౌట్‌కు అక్క.

మొదట్లో ఆవిడదీ అందరి సేద్యమే. ఏటా దున్నించడం, విత్తడం, కలుపు పీకడం, నీళ్లు పోయడం. 1944 వసంతంలో దున్నే మనిషి కోసం చూసి చూసి విసిగిపోయిన వేళ ఆస్పరాగస్ మడి కంటపడింది. మన శతావరికి చుట్టమైన ఆ మొక్క ఏ దుక్కీ లేకుండా ఏటా తనంతట తనే మొలుస్తోంది. దానికి అక్కర్లేని దుక్కి బఠాణీకి మాత్రం ఎందుకు? ఆ ఏడు దున్నకుండానే విత్తారు.

తర్వాత చేసిందంతా చూడ్డానికి ఒక్కటే పని: తోటంతా ఎండుగడ్డి పరిచి, ఏడాది పొడుగునా అలాగే ఉంచడం. పశువులకు పనికిరాని పాడైన గడ్డయినా సరే, రాలిన ఆకులైనా సరే. కానీ మందం చూడండి. ఎనిమిది అంగుళాలు! మనలో చాలామంది రెండంగుళాలు పరిచి, కలుపు ఆగలేదని పెదవి విరుస్తాం. గడ్డి కొద్ది రోజుల్లోనే అణిగిపోతుంది. పలచటి పొరలోంచి వెలుతురు దిగుతుంది, వెలుతురు తగిలిన మొలక లేస్తుంది. పైగా ఎండుగడ్డిలోనే బోలెడు గింజలుంటాయి కదా అంటే, ఆవిడ మందు మరింత గడ్డే. కలుపు కనిపించిన చోట వంగి పీకరు, పైన ఇంకో గుప్పెడు గడ్డి వేస్తారు.

బంగాళాదుంపలకైతే గుంట కూడా తీయరు. నేల మీద వేసి, గడ్డి కప్పేయడమే. కోతనాడు పలుగూ పారా ఉండవు, గడ్డి తొలగిస్తే మట్టి అంటని దుంపలు. క్యారెట్‌లాంటి సన్న గింజల దగ్గర మాత్రం ఆవిడ చేయి నెమ్మదిస్తుంది. గడ్డిని వరుస మేర పక్కకు జరిపి, గింజ చల్లి, మొలకలు నిలదొక్కుకున్నాక మళ్లీ మొదళ్ల దగ్గరికి లాగుతారు. ఈ జరపడం, లాగడం తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

ఎరువు కుప్ప కూడా లేదు. వంటింటి తొక్కలు నేరుగా గడ్డి కిందికి వెళ్తాయి, మిగతా పని వానపాములది. నత్రజని కోసం పత్తి గింజల పిండి చల్లేవారు. గడ్డిని మట్టిలో కలిపి దున్నితే, దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మొక్కకు అందాల్సిన నత్రజనిని కొంతకాలం లాగేసుకుంటాయి. పైన పరిస్తే ఆ పోటీ నేలను తాకే పొర వరకే. దుక్కి మానడం ఈ లెక్కలోనూ కలిసొచ్చింది.

లోపాలు లేకపోలేదు. తేమకు నత్తలు చేరతాయి. చలిదేశంలో కప్పిన నేల ఆలస్యంగా వేడెక్కుతుంది. మన ఎండల్లో ఆ చల్లదనమే వరం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసే రైతులు ఆచ్ఛాదన అని చేసేది ఇదే. వరిగడ్డి మనకు దొరకని వస్తువు కాదు. చెదలున్న చోట మాత్రం గడ్డిని కాండానికి ఆనించకుండా బెత్తెడు ఎడం వదలాలి.

1955లో, 71 ఏళ్ల వయసులో, ఆవిడ ఈ పద్ధతిని పుస్తకంగా రాశారు. 1980లో, 96 ఏళ్లకు కన్నుమూశారు. తొంభై దాటాక కూడా తోట వదల్లేదు.

ఈసారి మీ వంగ మడికి గడ్డి పరిచాక స్కేలు పెట్టి కొలవండి. ఎనిమిది అంగుళాలకు తగ్గితే ఇంకో మోపు వేయండి.