శరత్తులో ఫుర్సత్ ఎవరికి?

తెలుగు సాహిత్యంలో శరత్తు అంటే వెన్నెల. నన్నయ భారతం ఆగిపోయింది కూడా శరద్రాత్రి వర్ణన దగ్గరేనని సాహిత్య చరిత్రలు చెప్తాయి. పత్రికలొచ్చాక ఆ వెన్నెలకు దీపావళి ప్రత్యేక సంచికలు తోడయ్యాయి. కథల పోటీలు, కవితలకు ఆహ్వానాలు, దసరాలోపు పంపమని ఉత్తరాలు. ఆశ్వయుజం వచ్చిందంటే తెలుగు రచయిత తీరిగ్గా కూర్చుని కలం పట్టాలి. ఎవరూ కాగితం మీద పెట్టని రూలు ఇది.

మరి అదే ఆశ్వయుజంలో సాయిబు ఏం చేస్తుంటాడు? మిషన్ తొక్కుతుంటాడు. దూది ఏకుతుంటాడు.

ముస్లిం సాహిత్యం మీద మాట్లాడేవాళ్లు ఈ చిన్న సంగతిని పట్టించుకున్నట్టు కనిపించదు. కవితలు పొట్టివి, ఆవేశం ఎక్కువ, శిల్పం తక్కువ, నవలలు లేవు. 1998లో 'జల్‌జలా' వచ్చిన నాటినుంచీ ఈ మాటలు చెవిన పడుతూనే ఉన్నాయి. మా వస్తువును చర్చించారు. మతాన్ని చర్చించారు. దేశభక్తిని కూడా తూకం వేశారు. రాసినవాడికి రోజులో ఎన్ని గంటలు మిగిలాయని మాత్రం అడగలేదు.

టైలర్ సంగతే తీసుకోండి. పెత్రమాస నుంచి దసరా పొద్దటిదాకా అతనికి రాత్రీపగలూ లేదు. బతుకమ్మకు జాకెట్లు, దసరాకు ప్యాంట్లు, చొక్కాలు. పండుగ గిరాకీది, నిద్రలేమి దర్జీది. ఈ పది రోజులు వదులుకుంటే ఆషాఢంలో చేసిన బాకీలు తీరవు. కనుక ఏ కవి అయినా సరే, కవిత్వం కోసం దసరా సీజన్ వదులుకోడు. వదులుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. నాకు తెలిసిన ఒకతను కొలతల బుక్కులో వెనక పేజీలన్నీ కవితలతో నింపాడు. ముందు పేజీల్లో నడుం ముప్పై నాలుగు, పొడవు నలభై. వెనక పేజీల్లో సగంలో తెగిన పాదాలు.

ఆ తెగిన పాదాల దగ్గరే విమర్శ మొదలుకావాలి. కాజాలు కుడుతూ కవిత కట్టుకోవచ్చు. పది పాదాలు నోట్లో నిలుస్తాయి, షాపు మూసేటప్పుడు రాసుకోవచ్చు. నవల అలా నిలవదు. నిన్న ఆగినచోటికి ఇవాళ తిరిగి వెళ్లగలిగినవాడే నవల రాస్తాడు. సలీం గారు ఎన్నో నవలలు రాశారు. 'కాలుతున్న పూలతోట'కు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చింది. ఆయన ఆదాయపు పన్ను శాఖలో అధికారిగా పనిచేశారు. ఇది ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి అంటున్న మాట కాదు. నవలకు ప్రతిభతోపాటు నెల జీతం, ఆదివారం కూడా కావాలని చెప్పడానికే. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చాయి. ఒక్కో కథ ఒక్క గుక్కలో అయిపోతుంది. ఆ పొట్టితనం లోపమని ఎవరైనా అనగలరా? దొరికిన జాగాకు సరిపోయేలా గుడ్డ కత్తిరించడం కూడా పనితనమే కదా! అన్నట్టు, పొట్టి పొట్టి కవితలే మావి అనేవాళ్లు 1991 నాటి ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ'ను ఎందుకు మరిచిపోతారో తెలీదు. అది దీర్ఘకవితే.

అలాగని మా వాక్యాలన్నిటినీ బీదరికం చూపించి వెనకేసుకురావడం నాకిష్టం లేదు. ఆకలి నుంచే మంచి కవిత్వం వస్తుందనేది కడుపు నిండినవాడి మాట. అలసిన చేయి రాసిన పాదం వేరు, అలవాటుగా రాసిన పాదం వేరు. మొదటిదాంట్లో ఒక దృశ్యం మొదలై మధ్యలో తెగుతుంది. సూది కనిపిస్తుంది, దారం కనిపించదు. రెండోదాంట్లో దృశ్యమే ఉండదు. వివక్ష, అస్తిత్వం, అణచివేత అనే మాటలు ఒకదాని పక్కన ఒకటి నమాజు సఫ్‌లా నిలబడతాయి. మొదటి కవికి సమయం కావాలి. రెండో కవికి విమర్శ కావాలి. ఇద్దరినీ ఒకే గాటన కట్టి 'శిల్పం లేదు' అంటే ఇద్దరికీ అన్యాయమే.

ఇక దూది మాట. శరత్‌మేఘాన్ని దూదిపింజతో పోల్చని తెలుగు కవి ఉంటే చూడాలని ఉంది. ఆ పింజ ఎక్కడినుంచి వచ్చింది? వానల్లో చెమ్మగిల్లిన దూది ఏకుడుకు రాదు. వానలు వెలిసి చలి ముదిరేలోపు ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు విప్పి, పాత దూది ఏకి, మళ్లీ నింపి కుట్టాలి. విల్లు భుజాన వేసుకుని వీధిలో నరం మోగిస్తూ పోయే దూదేకుల సాయిబుకు శరత్తు అంటే అదే. పోలిక కవిత్వంలోకి వచ్చింది, ముక్కుల్లో చేరిన పీచూ రాత్రంతా పట్టిన దగ్గూ రాలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడే ఈ మనిషిని మనలో కొందరు పూర్తి ముస్లిం కింద లెక్కేయరు కూడా. ఆ పెద్దమనుషుల సంగతి ఇంకోసారి రాస్తాను.

మన పండుగలకు రుతువు లేదు. చంద్రుడి లెక్క కనుక రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా వెనక్కి జరుగుతుంది, ముప్పై మూడేళ్లకు మొత్తం తిరిగొస్తుంది. 2006లో దీపావళి అక్టోబర్ 21న, ఈద్ 25న వచ్చాయి. ఆ ఏడు దర్జీ రోజా ఉండి ఇద్దరి బట్టలూ కుట్టాడు. ఆయన భార్య సహరీకి అందరికన్నా ముందు లేచి, రాత్రి అందరికన్నా వెనక పడుకుని, మధ్యలో హుక్కులూ గుండీలూ కుట్టింది. ఆమె కూడా రాసే మనిషైతే? ఆమెకు కొలతల బుక్కు వెనక పేజీలు కూడా మిగలవు.

నిద్ర మానుకుని సంపాదించిన ఆ గంటైనా మాదిగా ఉందా అంటే, లేదు. 1992 డిసెంబర్ 6 తర్వాత, 2002 గుజరాత్ తర్వాత ఆ గంటంతా జవాబులకే పోయింది. ఈ మట్టి మాది, మా తాతలది, మేం పరాయివాళ్లం కాదు... ఆ జవాబులు చెప్పక తప్పదు. కానీ ప్రశ్న ఎవరిది? అందుకే ముస్లిం కవిత్వంలో మసీదు, బురఖా, తలాఖ్, కర్ఫ్యూ దొరికినంత తేలిగ్గా కత్తెర దొరకదు, విల్లు దొరకదు. ఎదుటివాడు అడిగినదాని గురించే రాస్తూపోతే, వాడు అడగని జిందగీ రాయకుండానే ఉండిపోతుంది.

ఇప్పుడా పనీ జారిపోతోంది. రెడీమేడ్ బట్టలొచ్చి దసరా గిరాకీ పలచబడింది. ఏకుడు మిషన్లొచ్చాయి, ఫోమ్ పరుపులొచ్చాయి, విల్లు అటకెక్కింది. కొలతల బుక్కు మనిషికి ఈమధ్య ఆశ్వయుజంలో కూడా ఖాళీ దొరుకుతోంది, బియ్యం డబ్బాలోనూ ఖాళీయే. ఈ ఫుర్సత్‌లో అతను ఏం రాస్తాడో తెలీదు. విల్లులో ఏ భాగాన్ని ఏమంటారో, నరం ఎట్లా బిగిస్తారో తెలిసిన ముసలివాళ్లు మాత్రం ఇంకా కొందరున్నారు. ఈ చలి ముదరకముందే వాళ్ల దగ్గర కూర్చోవాలి.