లెక్కకు రాని చిన్నవి

ఈ వారము కరీంనగరము చెంతనున్న ఒక ధాన్యపు కొనుగోలు కేంద్రమున కొంతసేపు నిలిచి చూచితిని. ఒక రైతు కుప్ప తాలు లేక, గలగలలాడునట్లు ఎండియున్నది. పక్కవానిది పచ్చివాసన ఇంకను వీడలేదు. అయినను ఇద్దరి బస్తాలకును ఒకే తరుగు తీసిరి. ఇదేమని అడిగినవానికి "సగటున గంతే వస్తది" అని సమాధానము. సగటుతో నాకు గల చిరకాలవైరమును ఈ శీర్షిక పాఠకులెరుగుదురు. మనిషిని మనిషిగా చూడనొల్లని బద్ధకమునకు గణితము తొడిగిన ముసుగే సగటని పలుమార్లు వ్రాసియున్నాను.

ఆ కినుకతోనే భౌతికశాస్త్రము చెప్పు మిత్రుని ప్రయోగశాలకు పోతిని. ముందుగా ఖాళీ బల్లపై గైగర్ గొట్టమునుంచి పరిసరముల లెక్కను వ్రాసికొని, పిమ్మట దాని క్రింద మన పొలములలో చల్లు ఎర్ర పొటాష్ గుప్పెడు పోసినాడు. ఒక టిక్కు, వెంటనే రెండు, పిదప మౌనము, మరల ఒకటి. పొటాషియము పరమాణువులలో లక్షకు సుమారు 12 పొటాషియము-40. దాని అర్ధాయువు 125 కోట్ల సంవత్సరములు. క్షయించువానిలో నూటికి 89 బీటాకణమును విడిచి కాల్షియమగును. గ్రాము పొటాషియమున సెకనుకు సుమారు 31 క్షయములు జరుగును. మన కరీంనగరపు గోధుమరంగు గ్రానైటులోని ఫెల్‌స్పారునందును ఇదే వ్యవహారము. ఏ కేంద్రకము వంతు ఎప్పుడు వచ్చునో చెప్పగలవాడు లేడు. సమూహపు నడత మాత్రము తప్పదు. నూరు టిక్కులు రావలసినచోట సాధారణముగ పది అటునిటు, పదివేలు రావలసినచోట నూరు అటునిటు. లెక్క పెరిగినకొలది సందేహపు పాలు తగ్గును.

బీటాకిరణమనగానే స్వామి జ్ఞానానంద స్మరణకు వచ్చుట తెలుగువానికి సహజము. భీమవరము చెంత గొరగనమూడిలో 1896లో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా జన్మించి, యౌవనమున హిమాలయములలో తపస్సు చేసి, పిమ్మట జర్మనీకేగి భౌతికశాస్త్రమున ప్రవేశించి, ప్రాగ్ నగరమున ఎక్స్ కిరణములను శోధించి, లివర్‌పూల్‌లో చాడ్విక్ చెంత బీటాకిరణముల వర్ణపటమును పరిశీలించి, స్వదేశమునకు మరలి విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్రమునకు పునాది వేసిన మహనీయుడాయన. 1969లో గతించెను, అచటి ప్రయోగశాలలు నేటికిని ఆయన పేరు వహించుచున్నవి. ఆయన గురువైన చాడ్వికే, బీటాకణములు ఒకే శక్తితో గాక, గరిష్ఠము వరకు ఎల్ల శక్తులతోను వెలువడునని 1914లో బెర్లిన్‌లో కనుగొనినవాడు. మరి మిగిలిన శక్తి ఏమాయెను? శక్తినిత్యత్వము సగటున మాత్రమే నిజమేమోయని నీల్స్ బోర్ అంతటివాడు శంకించెను. పౌలీ అందుకు సమ్మతింపక, ప్రతి క్షయమునందును లెక్క సరిపోవలెనని పట్టుబట్టి, కంటికందని కణమొకటి ఆ శేషమును మోసికొనిపోవుచున్నదని 1930లో ప్రతిపాదించెను. ఆ న్యూట్రినో 1956లో ప్రయోగమునకు చిక్కెను. సగటును ఆశ్రయించినవాడోడెను, ఒక్కొక్కదాని లెక్క అడిగినవాడు గెలిచెను.

ఇంతవరకు నా పక్షమే నెగ్గినట్లు తోచినది. కాని తరువాతి చరిత్ర నన్ను నిలదీసినది. బీటాక్షయానంతరము పుట్టిన కేంద్రకము తరచుగ ఉత్తేజితస్థితిలో నుండి, గామాకిరణములను విడుచుచు శాంతించును. బరువైన కేంద్రకములందు పై శక్తిస్థాయిలు కిక్కిరిసి యుండును. జర్మేనియము శోధకము పటమున ఎత్తైన శిఖరములను సూదిమొనలవలె చూపును గాని, వేలకొలది బలహీనకిరణములు అడుగునేలలో కలిసిపోవును. 1977లో భౌతికశాస్త్రజ్ఞుడు హార్డీ, ఆయన సహచరులును పాండెమోనియమను కల్పిత కేంద్రకమును కంప్యూటరులో సృజించి, దాని క్షయమును వాడుక పద్ధతిలో విశ్లేషించి చూడగా, కనబడిన శిఖరములను పేరుపేరున పేర్చిన పట్టిక నమ్మరానిదని తేలినది. చిన్నవన్నియు జారిపోవుటచే పైస్థాయిల వాటా క్రిందిస్థాయిల ఖాతాలో జమపడుచున్నది. ఇందుకు విరుగుడుగా రేడియోధార్మిక మూలమును అన్నివైపుల క్రమ్ముకొను పెద్ద స్ఫటికములను అమర్చిరి. అవి కిరణము పేరడుగవు. ఒక్కొక్క క్షయమున వెలువడిన గామాశక్తినంతటిని కలిపి పట్టును. స్థాయిలెంత దట్టముగ నున్నవో, బీటాబలము వానిపై ఎట్లు పరచుకొన్నదో తెలుపు గణాంకధర్మములు అట్టి కొలతవలన చిక్కును. రియాక్టరు ఆగిన పిదపను ఇంధనమున మిగులు వేడిని సరిగా అంచనా వేయుటకును ఈ కొలతలే తోడ్పడినవి.

కావున నా వైరమును సవరించుకొనుచున్నాను. పేరు గలవానిని లెక్కించి తక్కినవి లేవనుటయే పెద్ద అన్యాయము. చిన్నవానినెల్ల చేర్చుకొని తీసిన సగటు న్యాయమైనది. తూచకయే చెప్పు సగటు వట్టి ఊహ. కరీంనగరము, ఆదిలాబాదు కళాశాలల అధ్యాపకులకు నాదొక విన్నపము: గైగర్ గొట్టమొకటి, పొటాష్ గుప్పెడు సంపాదించి, విద్యార్థులచేత నిమిషనిమిషమునకు లెక్క వ్రాయించుడు, సగటు ప్రక్కన దాని తేడాను కూడ వ్రాయనిదే ఆ పట్టికకు మార్కులు వేయకుడు.