పాలూ, పాలిపోవడమూ

పోయిన ఆదివారం మా అమ్మాయి కూకట్‌పల్లిలో ఓ సూపర్‌మార్కెట్ ఫ్రిజ్ ముందు నిలబడి వీడియో కాల్ చేసింది. "నాన్నా, ఇటు చూడు" అని ఫోను తిప్పింది. నీలం ప్యాకెట్లు, ఆకుపచ్చవి, నారింజవి, అట్టపెట్టెల పాలు, గాజుసీసాల పాలు. పక్క అరలో బాదం పాలట, ఓట్స్ పాలట. ఆ పక్కన ఎలుగుబంటి బొమ్మలేసిన పొడి డబ్బాలు.

"పాపకి ఏడాది నిండింది కదా, ఇక డబ్బా పాలు ఆపేసి మామూలు పాలు పట్టమన్నారు డాక్టరు. వీటిలో మామూలు పాలు ఏవి నాన్నా? పాల కేంద్రంలో పెరిగినవాడివి, నువ్వే చెప్పు."

పాల కేంద్రంలో పెరిగిన మాట నిజమే. ముప్పై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న మా ఇంట్లో లేస్తే తప్పు జవాబు చెప్పిందీ నేనే. ఆ తప్పుకి బలైన పిల్లే ఇప్పుడు ఫోను పట్టుకుని అడుగుతోంది.

మాది తెనాలి పక్క పల్లె. మా నాన్న ఊళ్లో పాల కేంద్రం నడిపేవాడు. తెల్లారకముందోసారి, పొద్దుగూకే వేళోసారి చెంబులూ క్యాన్లూ పట్టుకుని జనం వరసకట్టేవాళ్లు. పాలు వ్యానెక్కి వడ్లమూడి డెయిరీకి పోయేవి. కాలేజీ రోజుల్లో అక్కడ వెన్న పరీక్ష నా పని. గాజు గొట్టంలో ముందు పది మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు గోడ వెంబడి మెల్లగా జార్చాలి. తొందరపడితే బుస్సున పైకి తన్నుతుంది. ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ వేసి, బిరడా బిగించి, గుడ్డలో చుట్టి ఊపితే గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. చక్రంలో పెట్టి తిప్పాక వెన్న పసుప్పచ్చగా పైకి తేలేది. అది ఏ గీత దగ్గర నిలిస్తే అదే ఆ పూట ఆ రైతు రాత. ఏడు దాటితే మొహం విప్పారేది. ఆరు లోపు పడితే "నీ గొట్టంలోనే ఏదో తేడా ఉందబ్బాయ్" అనేవాళ్లు. లాక్టోమీటరు వేసి నీళ్ల సంగతి చూపిస్తే "వానకి గడ్డి పలచబడిందిలే" అని అటు తిరిగేవాళ్లు.

అన్నేళ్లు ఆ గీతల్నే చూసిన కంటికి పాలంటే వెన్నే. వెన్నుంటే మంచి పాలు, లేకపోతే నీళ్లు. మధ్యలో ఇంకో మాట లేదు.

అమ్మాయికి అందుకే ముందు నాకు బాగా వచ్చిన పాఠమే చెప్పాను. "రంగు చూడకమ్మా. రంగు కంపెనీకోటి ఉంటుంది. అంకె చూడు." ఫుల్ క్రీమ్ అంటే వెన్న 6 శాతం. స్టాండర్డైజ్డ్ అంటే 4.5. టోన్డ్ 3. డబుల్ టోన్డ్ ఒకటిన్నర. ఆవుపాలని రాసి ఉంటే కనీసం 3.2 ఉండాలి. ఏ డెయిరీ పాలైనా చట్టం గీసిన గీతలివే.

టోన్డ్ అనగానే మన ఆడవాళ్లు మొహం చిట్లిస్తారు, నీళ్ల పాలని. ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. 1946లో బొంబాయిలో పాలకి కరువైనప్పుడు దారా ఖురోడీ అనే ఆయన చిక్కటి గేదె పాలల్లో నీళ్లూ వెన్న తీసిన పాలపొడీ కలిపి, ఉన్న పాలను ఎక్కువమందికి అందించే ఉపాయం కనిపెట్టాడు. అదే టోన్డ్ పాలు. అయితే అమెరికాలో మా అన్నయ్య మనవడు తాగే "హోల్ మిల్క్"లో ఉన్న వెన్నా 3.25 శాతమే. అక్కడ చిక్కటి పాలనిపించుకున్నవి ఇక్కడ మనకి పలచనివి! ఏడాది నుంచి రెండేళ్ల దాకా పిల్లకి కొవ్వు కావాలి, మెదడు పెరిగే వయసు. కాబట్టి డబుల్ టోన్డూ, స్కిమ్డూ షుగరున్న తాతలకి వదిలేసి, మిగిలిన వాటిలో పిల్లకి పడేవేవైనా తీసుకోమన్నాను.

"మరి ఆవా, గేదా? అత్తయ్యగారు గేదె పాలు వద్దంటున్నారు. బుద్ధి మందగిస్తుందట."

ఈ మాట మా అత్తగారూ అనేది. గేదె బురదలో పడుకుంటుంది గనక దాని పాలు తాగినవాడూ అలాగే పడుకుంటాడని ఆవిడ తర్కం. నేను గేదె పాలతోనే పెరిగాను, నా బుద్ధి సంగతి పాఠకులకే వదిలేస్తాను. నిజంగా ఉన్న తేడా వేరే. వంద మిల్లీలీటర్ల ఆవుపాలల్లో 65, 70 కేలరీలుంటే గేదె పాలల్లో వంద దాకా ఉంటాయి. కడుపులో పెరుగ్గడ్డ గట్టిగా కడుతుంది. కొందరు పిల్లలకి మలబద్ధకం చేస్తుంది, చేస్తే మార్చుకోవచ్చు. మనవాళ్లు దానికి కనిపెట్టిన విరుగుడు సగానికి సగం నీళ్లు పోయడం. వెన్నతోబాటు మాంసకృత్తులూ సగమైపోతాయి, బుజ్జిపొట్ట మాత్రం నీళ్లతో నిండిపోతుంది. పాల కేంద్రంలో అలా నీళ్లు కలిపితే తిట్టేవాళ్లం. ఇంట్లో పసిపిల్ల గిన్నెలో కలిపితే జాగ్రత్త అనుకునేవాళ్లం.

ఇంతవరకూ చెప్పి ఆగాను. ఫోన్లో చెప్పలేని మాట ఇంకొకటి ఉండిపోయింది.

1994. మా దొడ్లో ఒక ముర్రా గేదె ఉండేది, వెన్న ఏడున్నర. అమ్మాయికి పది నెలలప్పుడు వాళ్లమ్మకి టైఫాయిడ్ తగిలి పాలు ఆగిపోయాయి. తల్లిపాలు కానివాటిని మా వైపు పోతపాలంటారు. అనడమే కాదు, మేం నిజంగానే పోశాం. సీసా నోట్లో ఉంటే ఏడుపు లేదు, పేచీ లేదు. ఏడాదిన్నర వచ్చేసరికి రోజుకి లీటరుంపావు లాగించేది. అన్నం ముద్ద పెడితే నాలుకతో బయటికి నెట్టేది. "తినకపోతే ఏంలే, పాలు తాగుతోందిగా." ఆ మాట రోజుకొకసారైనా ఇంట్లో ఎవరో ఒకరం అనేవాళ్లం. పిల్ల బొద్దుగా, తెల్లగా తయారైంది. మా ఇద్దరిదీ చామనచాయ. వచ్చినవాళ్లు "పాలమీగడలా ఉందే, ఎవరి పోలిక?" అంటే నేను దొడ్డి వైపు చెయ్యి చూపించి నవ్వేవాణ్ణి. మా అత్తగారు సందెవేళ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసేది.

అదే పిల్ల గోడ పక్కన కూచుని సున్నం గీకి తినేది. చూరు కింద తడిమట్టి నోట్లో పెట్టుకునేది. చేతి మీద ఒకటి వేసి లాక్కొచ్చేవాళ్లం. నులిపురుగులేమోనని మందు పోయించాం.

ఓసారి జలుబు చేస్తే తెనాలిలో పిల్లల డాక్టరుకి చూపించాం. పెద్దాయన. జలుబు సంగతి వినకముందే పిల్లని కిటికీ వెలుతుర్లోకి ఎత్తుకెళ్లి, కింది రెప్పని బొటనవేలితో కొంచెం లాగి చూశాడు. అరచెయ్యి తిప్పి చూశాడు.

"మట్టి తింటుందా?"

నేను ఉలిక్కిపడ్డాను.

"పాలెన్ని తాగుతుంది?"

"లీటరు పైనే అండీ. మా ఇంటి గేదే, వెన్న ఏడున్నర." కాస్త గర్వంగానే చెప్పుంటాను.

ఆయన రక్తపరీక్షకి చీటీ రాస్తూ తలెత్తకుండా అన్నాడు. "ఇది తెలుపు కాదయ్యా. పాలిపోవడం."

పాలిపోవడం అన్న మాటలోనే పాలున్నాయని ఆ రోజు తట్టింది. అది నిఘంటువులు ఒప్పుకునే వ్యుత్పత్తి కాకపోవచ్చు, మా ఇంటికి మాత్రం సరిపోయింది. హిమోగ్లోబిన్ 6.4 వచ్చింది. ఆ వయసు పిల్లకి 11కి తగ్గకూడదన్నది అప్పటి లెక్క.

డాక్టరు చెప్పింది చాలా మామూలు లెక్క. పాలల్లో ఇనుము దాదాపు లేదు. అర లీటరు తాగినా ఒక్క మిల్లీగ్రాము రాదు. ఏడాది నుంచి మూడేళ్ల దాకా పిల్లకి రోజుకి 8 మిల్లీగ్రాములు కావాలని మన తార్నాక జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లోనూ ఉంది. అదే కాల్షియమైతే రోజుకి 500 మిల్లీగ్రాములు చాలు, 400 మిల్లీలీటర్ల పాలతోనే ఇంచుమించు తీరిపోతుంది. ఆ పైన పోసేదంతా పొట్ట నింపి, పప్పన్నాన్నీ ఆకుకూరనీ గుమ్మం బయటే నిలబెడుతుంది. ఎలాగో లోపలికొచ్చిన కాస్త ఇనుమునీ పాలల్లోని కాల్షియం, కేసిన్ అనే మాంసకృత్తి ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఏడాదిలోపు పసివాళ్లకైతే ఈ పాలు పేగులో కంటికి కనపడనంత రక్తం కార్పించవచ్చు కూడా. పైగా అందులోని మాంసకృత్తులూ ఉప్పులూ లేత మూత్రపిండాలకి భారం. ఏడాది నిండేదాకా తల్లిపాలో, అవి చాలకపోతే డబ్బా పాలో అని డాక్టర్లు పట్టుబట్టేది అందుకే. నేను పదో నెలలోనే గేదె దగ్గరికి తీసుకెళ్లాను. ఎన్ని గొట్టాలు తిప్పానో! వాటిలో దేని మీదా ఇనుముకి గీత లేదు.

సీసా పారేయమన్నాడు. పాలు గ్లాసుతో, రోజుకి రెండు చిన్న గ్లాసులు. ఇనుము చుక్కల మందు పాలతో కాకుండా నిమ్మరసంతో. దొడ్డికి నల్లగా వెళ్తుందని ముందే చెప్పాడు కాబట్టి గాభరా పడలేదు. నాలుగు రాత్రులు సీసా కోసం పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. మూడో రాత్రి మా ఆవిడ సీసా వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్తే నేనే పెంటకుప్పలో విసిరేశానని చెప్పాను. ఆవిడ ఓ వారం నాతో మాట్లాడలేదు. అయిదో రోజు మధ్యాహ్నం పిల్ల ఎవరూ పెట్టకుండా నా పళ్లెంలోంచి తోటకూర పప్పన్నం పిడికిట్లోకి తీసుకుంది. రెండు వారాలకి గోడల జోలికి పోవడం మానేసింది. రంగొచ్చింది. మా చామనచాయే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇదంతా పాలు ఎక్కువై వచ్చిందని చెప్పను, చాలా ఇళ్లలో అసలు పాలకే కటకట. కానీ పాలు పొంగిపొర్లే ఇంట్లోనూ ఇది వస్తుందని, అక్కడ ఎవరూ అనుమానించరని నాకు తెలుసు.

ఇక ఆ రోజు ఫోన్లో అమ్మాయి చూపించిన మిగతా అరలు. గాజుసీసా మీద ఏ2 అని ఉంది, పాలల్లోని ఒక రకం కేసిన్ పేరు అది, ధర మామూలు పాలకి రెట్టింపు పైనే. 2024 ఆగస్టు 21న ఆహార భద్రత సంస్థ ఈ ఏ1, ఏ2 రాతలు తీసేయమంది, అయిదు రోజులకి ఆ మాట వెనక్కి తీసుకుంది. "ఏ2 కావాలనుంటే గేదె పాలు కొనమ్మా, గేదెలన్నీ ఏ2లే" అన్నాను. నవ్వింది. బాదం పాలు పేరుకే పాలు, మాంసకృత్తులు సోదిలో ఉండవు, ఈ వయసుకి పనికిరావు. ఎలుగుబంటి పొడుల సంగతికొస్తే, ఏడాది దాటిన బిడ్డకి జంతువుల పాలు చాలు, ఈ ఫాలో-అప్ పొడులు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చేసింది. పసిపిల్లల పాలపొడికీ పాలసీసాకీ ప్రకటనలివ్వకూడదని 1992లోనే మన దగ్గర చట్టం చేశారు. మా ఇంట్లో ఆ సీసా రాజ్యమేలిన రోజుల్లో ఆ చట్టానికి రెండేళ్లు. ఊళ్లో ఒక్కరికీ తెలియదు. అమ్మాయి తమ వీధిలోకి గాడిదని తోలుకొచ్చి గుక్కెడు పాలు పిండిచ్చే మనిషి సంగతి కూడా అడిగింది. అందులో వెన్న ఒక శాతం ఉంటే ఎక్కువ, పైగా పచ్చివి. పచ్చిపాలు ఎవరివైనా వద్దు. పొదుగు కింద గుమ్మపాలు తాగి మా నాన్న ఎనభై దాటాడన్నది నిజమే, ఆ గ్లాసుల్లో క్షయ, బ్రూసెల్లా లేకపోవడం ఆయన అదృష్టం. ప్యాకెట్ పాలను 72 డిగ్రీల దగ్గర పదిహేను సెకన్లు వేడి చేసే పంపుతారు గానీ, టీ కొట్టు ముందు క్రేటులో అవి ఎంతసేపు ఎండ కాచుకున్నాయో ఎవరికి తెలుసు? ఒక పొంగు రానివ్వమన్నాను. పాలు తాగితే దద్దుర్లో, వాంతో, విరోచనమో అయ్యే బిడ్డ విషయం మాత్రం తాతలు తేల్చేది కాదు. రాత్రిపూట తను ఇస్తున్న తల్లిపాలు ఆపొద్దన్నాను, రెండేళ్లూ, ఆ పైనా ఇవ్వొచ్చు.

శనివారం కూకట్‌పల్లి వెళ్లాను. ఫ్రిజ్‌లో ఆవుపాల ప్యాకెట్ కనపడింది, వెన్న 3.5. నేను ఫుల్ క్రీమ్ అనుకున్నాను, అయినా ఏమీ అనలేదు. పాప చిన్న స్టీలు గ్లాసుతో తాగి, సగం గౌనుకి తాగించి, మిగిలిన గ్లాసుని నేలకేసి కొట్టింది. ఇంకో గ్లాసు పోయబోయిన మా ఆవిడ చెయ్యి నేనే పట్టుకున్నాను.

పొద్దున పాపని బాల్కనీలోకి ఎత్తుకెళ్లి ఎండకి తిప్పి, కింది రెప్ప కొంచెం లాగి చూశాను. ఎర్రగా, దానిమ్మ గింజలా ఉంది. వెనక నుంచి అమ్మాయి "ఏం చూస్తున్నావు నాన్నా?" అంది. చెప్పాను, సున్నం గోడతో సహా అంతా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత వచ్చి తనూ పాప రెప్ప లాగి చూసింది. పాపకి ఇదేదో ఆటలా తోచింది. నా ఒళ్లో నిక్కి నిలబడి, పప్పు అంటుకున్న బొటనవేలు తీసుకొచ్చి నా కంట్లో పొడిచింది.