గ్రీజు మాడిన కొండదారి

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన మారిన్ కౌంటీలో ఫెయిర్‌ఫాక్స్ అని ఓ చిన్న ఊరుంది. ఊరి పక్క కొండ మీంచి మూడు కిలోమీటర్ల పైచిలుకు మట్టిదారి. దాదాపు 400 మీటర్ల దిగుడు. 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్లు ఆ దారిలో పందెం వేసుకున్నారు. బళ్లేమో 1930, 40ల నాటి ష్విన్ పాత సైకిళ్లు. లావు టైర్లు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఆ బ్రేకు ఉండేది వెనక హబ్బులోనే. కిందికి చేరేసరికి హబ్బు కాగి, లోపలి గ్రీజంతా మాడి పొగైపోయేది. మళ్లీ కూరితే తప్ప ఇంకో పందానికి పనికిరాదు. అలా కూరడాన్నే వాళ్లు రీప్యాక్ అన్నారు; పందానికీ, దారికీ ఆ పేరే నిలిచింది.

తమాషా ఏమిటంటే, వీళ్లలో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్ లాంటివాళ్లు అప్పటికే రోడ్డు రేసర్లు. చేతిలో మంచి రేసింగ్ సైకిళ్లుండగా కొండకి ముసలి బళ్లెందుకు తీసుకెళ్లినట్టు? 1977లో బ్రీజ్ కొత్త ఉక్కు గొట్టాలతో కొండకోసమే ఫ్రేమ్ ఎందుకు అతికినట్టు?

రోడ్డు మీద రేసర్ పోరాడేది గాలితో. 40 కిలోమీటర్ల వేగంలో అతని శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. అందుకే వంగిన హ్యాండిల్, నేలకు సమాంతరంగా వాలిన వీపు, ముందువాడి వెనక నక్కి తొక్కడం. బరువు ఎంత తగ్గించినా పోటీ సైకిల్ 6.8 కిలోల కంటే దిగకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నిబంధన.

కొండమీద గాలి సంగతి ఎవరికి పట్టింది? అక్కడ పేచీ అంతా నేలతోనే. హ్యాండిల్ బారెడు వెడల్పు, ఎదురు రాయి తగిలినా చెయ్యి మెలిక పడకుండా. ముందు ఫోర్క్ బాగా వాలుగా ఉంటుంది, దిగుడులో బండి తొణక్కుండా. నేర్చినవాడు దిగేటప్పుడు సీటు మీద కూర్చోడు. మోకాళ్లూ మోచేతులూ వదులుగా వంచి నిలబడతాడు. ఫోర్కులోని స్ప్రింగుల కంటే ముందు దెబ్బ కాచుకునేది ఆ కీళ్లే. టైర్లో గాలి కూడా తక్కువే, 25 పీఎస్ఐ దరిదాపు. మెత్తటి టైరు వేరునీ రాయినీ కరుచుకుంటుంది. రోడ్డు టైరులో దానికి మూడింతలుంటుంది.

మన వీధుల్లో ‘గేర్ సైకిల్’ అంటే ఈ కొండ సైకిలే: స్ప్రింగు ఫోర్కు, ముళ్ల టైర్లు. నేనూ అదే కొన్నాను. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. అంత నున్నటి దారిలో లేచి తొక్కితే చాలు, ఫోర్కు ఊగుతూ నా బలంలో కొంత మింగేస్తుంది. తర్వాత గుట్టల మీదికి తీసుకెళ్లేముందు పంక్చర్ షాపులో కాస్త గాలి తీయమన్నాను.

‘‘తీయడమేంటి సార్, రాయిలా ఉండాలి,’’ అని ఇంకో నాలుగు పోట్లు కొట్టాడు.