పేపరు చదివే సుఖం ఎవరిది?

పొద్దున్నే పేపరు చదవడంలో ఉన్న ఆనందం గురించి తెలుగులో చాలామంది ముచ్చటగా రాశారు. అలాంటి రచనల్లో పడక్కుర్చీ ఉంటుంది, అచ్చు సిరా వాసన ఉంటుంది, పొగలు కక్కే కాఫీ గ్లాసు ఉంటుంది. ఆ కాఫీ ఎవరు పెట్టారో మాత్రం ఉండదు. నాకు ఆ రచనలు ఇష్టమే. అవి చెప్పే ఆనందం అబద్ధమని నేననడం లేదు. అది ఇంట్లో అందరికీ ఒకే వేళకి, ఒకే రకంగా అందుతున్నట్టు రాయడం దగ్గరే నా పేచీ అంతా.

దినపత్రిక గుమ్మంలో పడే వేళనీ, ఇంట్లో ఆడవాళ్ళకి ఊపిరాడని వేళనీ పక్కపక్కన పెట్టి చూడండి. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అప్పటిదాకా విజయవాడలో అచ్చయిన పేపర్లు విశాఖ చేరేసరికి పొద్దెక్కేది. తెల్లవారకముందే పేపరు ఇంటికి చేర్చాలన్న ఈనాడు పట్టుదల తెలుగు పాఠకుల అలవాటునే మార్చేసింది. పత్రికారంగ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని పెద్ద మలుపుగా చెప్తారు. నిజమే. కానీ ఆ మలుపుని వంటింట్లోంచి చూసి రాసినవాళ్ళు నాకు కనపడలేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా నీళ్ళ పంపు, టిఫిన్లు, క్యారేజీలు, పిల్లల జడలు. తాజా వార్త తాజాగా ఉండేది సరిగ్గా ఆ మూడు గంటలే. నా తరం ఆడవాళ్ళలో చాలామందికి పేపరు చేతికొచ్చేది మధ్యాహ్నం రెండింటికి. ఉద్యోగాలు చేసేవాళ్ళకి రాత్రి నడుం వాల్చబోయే ముందు. అప్పటికి పేజీల వరస తప్పి ఉంటుంది. పదవినోదం సగం నిండి ఉంటుంది. పెద్ద వార్త ఏదో ఇంట్లో మగవాళ్ళు ముందే చెప్పేసి ఉంటారు, తమ అభిప్రాయంతో సహా.

అయినా ఆ మధ్యాహ్నపు చదువులో ఒక సుఖం ఉంది. మొదటి పేజీ అప్పటికే పాతబడింది కాబట్టి అక్కణ్ణించే మొదలుపెట్టాల్సిన పని లేదు. మార్కెట్ యార్డులో పత్తి ధర, కోర్టు వేలం ప్రకటన, వర్ధంతి ఫోటో, పెళ్ళి ప్రకటనల్లో ఆడపిల్ల రంగు గురించి రెండు మాటలు... కన్ను ఎక్కడ ఆగితే అక్కడ చదవచ్చు. నాకేం కావాలో ఎవరూ ముందే ఊహించి పెట్టని కాగితం అది. చదివింది ఎవరికీ ఒప్పజెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా, స్త్రీల కోసం అని విడిగా ఇచ్చిన పేజీని పక్కనపెట్టి మిగతా పేజీలన్నీ నావే అనుకుని చదవడం నాకు ఇష్టం.

ఆ పేజీలంటే నాకు చిన్నచూపు లేదు. స్త్రీల కోసం పత్రిక అనే ఆలోచన మనకి కొత్తదీ కాదు. 1883లో వీరేశలింగం 'సతీహితబోధిని' నడిపాడు. 1902లో మొదలైన 'హిందూసుందరి'కి మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మ సంపాదకులయ్యారు. మొదటిదాంట్లో స్త్రీలకి హితబోధ, రెండోదాంట్లో స్త్రీల సంపాదకత్వం. రెండింటికీ చాలా తేడా ఉంది. 'వసుంధర', 'నవ్య' లాంటి దినపత్రికల పేజీలు ఈ రెండింటి మధ్యా ఊగుతూ వచ్చాయి. మనలో కొందరి పేరు మొదటిసారి అచ్చులో కనపడింది అలాంటి పేజీల్లోనే. కానీ స్త్రీలకి ఒక పేజీ కేటాయించడంలో, మిగతా పేజీలు ఎవరివో కూడా చెప్పేసినట్టయింది.

జిల్లా అనుబంధాల సంగతీ ఇలాంటిదే. 1989లో ఈనాడు వాటిని మొదలుపెట్టాక మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. పంచాయతీ తగువులు, బోరింగు మరమ్మతులు, పదో తరగతి ఫలితాలు అచ్చులోకొచ్చాయి. మన ఊరి పేరు పేపర్లో చూసుకునే సంతోషం అందరికీ దక్కింది. అయితే ఏ జిల్లా వార్తలు ఆ జిల్లాకే పరిమితమైపోయాయన్న విమర్శ అప్పటినుంచీ ఉంది. ఆ విమర్శకి ఇంకో ముఖం ఉంది. పెళ్ళితో జిల్లా మారేది ఎక్కువగా ఆడపిల్లే. ఆమెకి పుట్టింటి ఊరి వార్త ఆ రోజుతో ఆగిపోతుంది. పుట్టింటికెళ్ళగానే ముందు జిల్లా పేపరు తిరగేసే ఆడవాళ్ళని నేను చూశాను. అమ్మ పంపిన ఊరగాయ సీసాకి చుట్టిన పాత కాగితాన్ని పారెయ్యకుండా, చేత్తో సాపుచేసుకుని చదివినవాళ్ళనీ చూశాను. ఈ చదువు ఏ సర్క్యులేషన్ లెక్కల్లోకీ ఎక్కదు.

ఈ చదువుకి పదును కూడా తక్కువేం కాదు. 'వివాహిత అనుమానాస్పద మృతి' అని లోపలి పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. అందులో చంపినవాడు ఉండడు, చావు మాత్రమే ఉంటుంది. మధ్యాహ్నం పూట ఆ వార్త చదివే ఆడవాళ్ళు మొదట వెతికేది పెళ్ళయి ఎన్నేళ్ళయిందని. 1986లో శిక్షాస్మృతిలో చేరిన వరకట్న మరణం సెక్షనుకి 'ఏడేళ్ళలోపు' అన్న గడువు ఉంది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. సెక్షను నంబరు తెలియనివాళ్ళు కూడా ఆ లెక్క వేస్తారు. తర్వాత కన్నవాళ్ళు ఏమన్నారో చూస్తారు. తర్వాత 'కడుపునొప్పి భరించలేక' అన్న మాట దగ్గర ఆగి, పేపరు దించి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మనం సెమినార్లలో పాఠ్య విమర్శ అని పిలుచుకునేది ఇదే.

చదువు చేతికందితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు మూడోవంతుకి మించలేదు. ఆ కాలంలోనే రాత్రిబడి పాఠాల్లో విన్న కథ దగ్గర మొదలైన మాట సారా కొట్ల దాకా వెళ్ళింది. 1992లో ఆ ఆడవాళ్ళు జిల్లా పేజీలు దాటి మొదటి పేజీకొచ్చారు. 1993లో సారా నిషేధం వచ్చింది. అప్పుడు పేపరు చదివిన సంతోషం వేరు. మనలాంటివాళ్ళు బాధితులుగా కాక కర్తలుగా ఉన్న వాక్యాలు రోజూ కనపడిన రోజులవి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. పేపరు కొనలేని మగవాడు కూడా టీ కొట్లోనో, క్షౌరశాలలోనో, గ్రంథాలయంలోనో కూర్చుని ఉచితంగా చదువుకోగలడు. ఆ బల్లల మీద ఆడవాళ్ళు కూర్చోవడం మన ఊళ్ళల్లో ఇప్పటికీ అరుదే. కాబట్టి ఆడవాళ్ళకి పేపరంటే ఇంటికొచ్చే పేపరే. పేపరు రాని ఇళ్ళల్లో, ముఖ్యంగా కూలి చేసుకు బతికే దళిత, బహుజన కుటుంబాల్లో, పొట్లం కాగితమే పేపరు.

2020లో కరోనా భయంతో చాలా ఇళ్ళు పేపరు మానేశాయి. కొన్ని ఇళ్ళకి అది మళ్ళీ రాలేదు. 'ఫోన్లో అన్నీ వస్తున్నాయిగా' అన్నారు. ఎవరి ఫోన్లో? పేపరు ఇంటి వస్తువు. టీపాయ్ మీద పడి ఉంటుంది, ఎవరైనా తియ్యచ్చు. ఫోను మనిషి వస్తువు, దానికి తాళం ఉంటుంది. ఆడవాళ్ళ ఫోనుకి ఇంట్లో కాపలా కూడా ఉంటుంది. పైగా నిన్న ఒక చీర చూశానని ఇవాళ నాకు పది చీరలు చూపించే యంత్రం, పత్తి ధర గురించి నాకెందుకు చెప్తుంది?

నా వాదనకి అడ్డం వచ్చే ఉదాహరణా ఉంది. 2002లో ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో దళిత స్త్రీలు ముందుండి నడిపిన 'ఖబర్ లహరియా' అచ్చు పత్రికగా పుట్టి, తర్వాత అచ్చు వదిలి ఫోన్లో వీడియోలకి మారింది. ఎక్కువమందిని చేరడానికి వాళ్ళకి అదే దారి అయింది. కాబట్టి కాగితంలో ఏదో మహత్యం ఉందని నేననను. వాళ్ళు మారాలని వాళ్ళే నిర్ణయించుకున్నారు. మన ఇళ్ళల్లో ఆ నిర్ణయం ఎవరు చేశారన్నదే నా ప్రశ్న. పాల లెక్క, గ్యాసు లెక్క చూసే ఇల్లాలిని పేపరు మాన్పించేటప్పుడు ఎంతమంది అడిగారు?

పేపరు ఇంకా వస్తున్న ఇళ్ళల్లో మనం చెయ్యగలిగింది ఒకటుంది. మధ్యాహ్నం దాకా ఆగకుండా, మడత విప్పని పేపరుని పొద్దున్నే మనమే తీసుకుని కూర్చోవడం. కాఫీ ఆ రోజుకి ఇంకెవరైనా పెడతారు.