తేట నీటిలోని దోషం: తెలుగులో నీటి నాణ్యతా పాఠాల భాష – ఒక విమర్శ

ఉపోద్ఘాతం

పర్యావరణ సాహిత్య విమర్శ తెలుగులో ఇంతవరకు ప్రధానంగా కవిత్వాన్ని, కథను, నవలను ఆశ్రయించింది. ఎన్. గోపి ‘జలగీతం’ (2002) వంటి దీర్ఘకావ్యం నీటినే వస్తువుగా స్వీకరించిన తర్వాత ఆ దిశగా చర్చ మరింత విస్తరించింది. అయితే నీటిని గురించి సామాన్య పాఠకుడు మొదట చదివేది కావ్యం కాదు. పాఠశాలలో సామాన్యశాస్త్ర పాఠం, డిగ్రీలో పర్యావరణ విద్య పుస్తకం, ఆరోగ్య కేంద్రం గోడమీద నినాదం, పంచాయతీ కార్యాలయంలో అంటించిన చిత్రపటం – ఇవే అతనికి నీటి గురించిన తొలి వాచకాలు. వీటిని సమాచార పత్రాలుగా చూడటమే తప్ప భాషా నిర్మితులుగా పరిశీలించే అలవాటు మనకు తక్కువ. ఈ వాచకాల పదజాలం, వాక్యనిర్మాణం, సంబోధనా రీతి నీటి నాణ్యతను ఎంతవరకు తెలియజేస్తున్నాయి, ఎక్కడ మరుగుపరుస్తున్నాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం. నల్లగొండ ఫ్లోరైడ్ సమస్యను ప్రధాన ఉదాహరణగా గ్రహించాను.

‘కాలుష్యం’ అనే మాట

‘కాలుష్యం’ సంస్కృత ‘కలుష’ శబ్దం నుంచి ఏర్పడిన భావనామం. కలుషమంటే మురికిపట్టిన, బురదగా ఉన్న అని అర్థం. తెలుగులో దీనికి దీటైన మాట ‘కలక’. వాననీటితో ఎర్రబారిన చెరువు కలకబారుతుంది; కొంతకాలానికి తేరుకొని తేటపడుతుంది. కలక, కలత, కలగుట ఒకవైపు. తేట, తేరుట, తేరుకొనుట మరొకవైపు. ఈ రెండు కొసల నడుమ తెలుగువారు నీటిని మాత్రమే కాదు, మనసును, మాటను కూడా కొలిచారు. దుఃఖం నుంచి మనిషి తేరుకుంటాడు. స్పష్టమైన విషయం తేటతెల్లమవుతుంది. మంచి శైలి తేటతెలుగు అవుతుంది. అంటే ‘తేట’ కంటికి సంబంధించిన గుణంగా మొదలై సత్యానికి, విశ్వాసానికి గుర్తుగా స్థిరపడింది.

ఈ పదజాలానికి తగిన ఆచరణ కూడా ఉంది. చిల్లగింజ అరగదీసి కలిపినా, పటిక తిప్పినా నీటిలోని మడ్డి అడుగుకు దిగుతుంది. వీటి పని కంటికి కనిపిస్తుంది. నీటి మంచిచెడ్డలకు రెండో సాక్షి నాలుక. తాగేందుకు పనికివచ్చే నీటిని మనం ‘మంచినీళ్లు’ అంటాం. పనికిరానివి ఉప్పునీళ్లు, చౌటినీళ్లు. ఒకే ఊళ్లో మంచినీళ్ల బావి, ఉప్పునీళ్ల బావి వేర్వేరుగా ఉండటం అందరికీ తెలిసిన విషయమే. ఈ విధంగా తెలుగు నీటి పదజాలం ప్రధానంగా కన్ను, నాలుక అనే రెండు ఇంద్రియాల సాక్ష్యంపై నిలిచింది.

ఫ్లోరైడ్ ఈ రెండు సాక్ష్యాలకూ అందదు. లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు తేటగా ఉండవచ్చు, రుచిగానూ ఉండవచ్చు. దానిలో కలక లేదు, కాబట్టి వ్యుత్పత్తి రీత్యా అది కలుషం కాదు. కాలుష్యం పాఠం పక్కన నురగలు కక్కే మురుగు కాలువ బొమ్మనో, చచ్చి తేలిన చేపల బొమ్మనో ముద్రించినప్పుడు ఆ బొమ్మ ‘కలుష’ శబ్దపు పాత అర్థాన్నే బలపరుస్తుంది. ఆ పాఠం చదివిన పిల్లవాడు ఇంటికి వెళ్లి బోరింగు నీటిని గ్లాసులో పట్టి చూస్తే, తాను నేర్చుకున్న దాని ప్రకారమే అది మంచినీరని నిర్ణయించుకుంటాడు. పాఠంలో అబద్ధం లేదు. కానీ పాఠం నేర్పిన చూపు ఆ గ్లాసు దగ్గర పనిచేయదు.

రెండు యూనిట్ల నడుమ

సుప్రీంకోర్టు 1991లో ఎం.సి. మెహతా కేసులో పర్యావరణ విద్యను అన్ని స్థాయిలలో బోధించాలని ఆదేశించింది. దాని పర్యవసానంగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరు నెలల పాఠ్యప్రణాళికను రూపొందించింది. ఎనిమిది యూనిట్లున్న ఆ ప్రణాళికలో నీరు ప్రధానంగా రెండుచోట్ల వస్తుంది. సహజ వనరుల యూనిట్‌లో నీరు పరిమాణం: అతివినియోగం, వరదలు, కరువు, ఆనకట్టలు. కాలుష్య యూనిట్‌లో నీరు నాణ్యత: నిర్వచనం, కారణాలు, ప్రభావాలు, నివారణ చర్యలు.

ఈ విభజన బోధనకు సౌకర్యంగానే ఉంది. కానీ నల్లగొండ నీరు ఈ రెండు గదులలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. అక్కడి ఫ్లోరైడ్ ఏ కర్మాగారమూ వదిలింది కాదు. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భజలంలోకి వచ్చింది. కనుక ‘కారణాలు’ అనే శీర్షిక కింద అది సహజమైనదిగా ఒక్క వాక్యంలో ముగుస్తుంది. అయితే ఊటబావులు ఎండి జనం లోతైన బోర్ల మీద ఆధారపడటం, రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీటిని పైకి తోడి తాగవలసి రావడం – ఇవి సహజమైనవి కావు. నీటి పరిమాణానికి, సేద్యానికి, ప్రభుత్వ విధానానికి చెందినవి. పరిమాణం కథ ఒక యూనిట్‌లోనూ, నాణ్యత కథ మరో యూనిట్‌లోనూ చెప్పినప్పుడు ఆ రెంటినీ కలిపే బోరుబావి కథ ఎక్కడా రాదు.

తెలుగు నుడికారం మాత్రం ఈ రెంటినీ ఒకే మాటలో పట్టుకుంది. బోరు వేస్తే ‘నీళ్లు పడ్డాయా?’ అని అడుగుతాం. ఊరు మారి జబ్బుపడిన మనిషిని గురించి ‘అక్కడి నీళ్లు పడలేదు’ అంటాం. మొదటిది పరిమాణం, రెండోది నాణ్యత. నల్లగొండ ప్రాంతపు యాభై ఏళ్ల చరిత్రను ఈ రెండు ప్రయోగాలతోనే చెప్పవచ్చు: బోర్లలో నీళ్లు పడ్డాయి, ఒంటికి పడలేదు. పాఠ్యప్రణాళిక విడదీసిన సంబంధం నుడికారంలో చెక్కుచెదరకుండా ఉంది. దానిని పాఠంలోకి తెచ్చుకోలేకపోవడం మన లోపం.

కర్త లేని వాక్యం, కర్త ఉన్న ఆజ్ఞ

నీటి కాలుష్యం గురించిన తెలుగు పాఠాల వాక్యనిర్మాణంలో ఒక క్రమం కనిపిస్తుంది. ‘వ్యర్థాలు కలియడం వల్ల నీరు కలుషితమవుతుంది’ అన్నది ఆ పాఠాల మూస వాక్యం. తెలుగులో ‘కలియు’, ‘కలుపు’ అనే జంట ఉంది. మొదటిది అకర్మకం, రెండోది సకర్మకం. ‘కలుపు’ అంటే కలిపినవాడెవడన్న ప్రశ్న వస్తుంది. ‘కలియు’ అంటే రాదు. ‘కలుషితమవుతుంది’ అన్న క్రియ కూడా కర్తను అడగదు. నివారణ చర్యల దగ్గరికి వచ్చేసరికి వాక్యం మారిపోతుంది: నీటిని కాచి చల్లార్చి తాగాలి, బిందెపై మూత పెట్టాలి, చేతులు కడుక్కోవాలి. ఇక్కడ కర్త ఉంది. ఆ కర్త ఇంట్లో నీళ్లు తెచ్చే మనిషి, ఎక్కువగా స్త్రీ. చెడుకు కర్త లేడు, బాధ్యతకు ఉంది.

పటాన్‌చెరు ప్రాంతంలో నక్కవాగులోకి పారిశ్రామిక వ్యర్థజలాలు వదిలిన వ్యవహారం 1990లో సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో వెలువడిన ఒక అధ్యయనం, అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు చూపింది. ఆ నీరు ‘శుద్ధి’ అయిన నీరు! ఇటువంటి ఉదంతాన్ని ‘కలియు’ ధాతువుతో చెప్పడం వ్యాకరణ దోషం కాకపోవచ్చు. వాస్తవాన్ని తగ్గించి చెప్పడం మాత్రం అవుతుంది.

ఆజ్ఞార్థక వాక్యాలలో ఇంకొక ప్రమాదముంది. కాచి చల్లార్చడం సూక్ష్మక్రిములకు విరుగుడు. ఫ్లోరైడ్‌కు కాదు. కాచినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుంది గాని ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది. కనుక దాని గాఢత పెరుగుతుంది. కలరాను దృష్టిలో పెట్టుకొని రూపొందిన హితవాక్యం ఏ విశేషణమూ లేకుండా సార్వత్రిక సూత్రంగా మారినప్పుడు, ఫ్లోరైడ్ ప్రాంతపు గృహిణి ఆ సూత్రాన్ని శ్రద్ధగా పాటించిన కొద్దీ మేలు జరగకపోగా కీడుకు దగ్గరవుతుంది. ‘ఏ దోషానికి?’ అన్న ప్రశ్న లేని హితబోధ ఎంత సదుద్దేశంతో చేసినా అసంపూర్ణమే.

పటిక విషయమూ ఇటువంటిదే. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970ల్లో రూపొందించిన ఫ్లోరైడ్ నిర్మూలన విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు వచ్చింది. దానిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, తిప్పి, తేర్చి, వడపోస్తారు. కలకనీటిని తేర్చే పటికా ఇదీ ఒకటే పదార్థం. కానీ మోతాదు వేరు. ఇక్కడ నీటిలోని ఫ్లోరైడ్‌నూ క్షారతనూ పరీక్షించి పటిక మోతాదును నిర్ణయించాలి. ఇంట్లో నాలుగుసార్లు పటిక తిప్పితే ఆ పని జరగదు. పాత ఆచరణకూ కొత్త పద్ధతికీ ఉన్న ఈ తేడాను స్పష్టంగా చెప్పని పాఠం, పదార్థం పేరు ఒకటే కావడం వల్ల కలిగే భ్రాంతిని అలాగే వదిలేస్తుంది. ఒక జిల్లా వ్యాధి పేరుతోనూ, విరుగుడు పేరుతోనూ ప్రసిద్ధమైంది గాని ఆ విరుగుడు వివరం ఆ జిల్లా పిల్లలందరికీ చేరలేదు.

‘గారపళ్లు’ – మాట మోపిన నింద

ఫ్లోరోసిస్‌ను మన దేశంలో వైద్యులు మొదట వివరించింది తెలుగు నేలమీదే. అప్పటి నెల్లూరు జిల్లాలోని రోగులను పరిశీలించిన నివేదిక 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో వెలువడింది. ఎనభై ఏళ్లు దాటినా ఆ వ్యాధి తొలి లక్షణానికి జనవ్యవహారంలో ఉన్న మాట ‘గారపళ్లు’. గార అంటే బయటినుంచి వచ్చి పేరుకున్నది, తోమితే పోయేది. దంత ఫ్లోరోసిస్ అటువంటిది కాదు. పళ్ల పైపొర ఏర్పడే బాల్యదశలోనే ఫ్లోరైడ్ దానిని దెబ్బతీస్తుంది. తోమినందువల్ల ఆ మచ్చ పోదు.

ఈ వ్యాసకర్త చదువుకున్న పాఠశాలలో, పరిశుభ్రత పాఠం చెప్పిన రోజున పళ్లపై మచ్చలున్న పిల్లలను నిలబెట్టి రోజూ పళ్లు తోముకోవాలని హితవు చెప్పిన సంఘటన ఇప్పటికీ గుర్తుంది. నిలబడినవారు తరగతిలో సగానికి పైగా ఉన్నారు. అంతమంది ఒకేసారి పళ్లు తోముకోని ఊరు ఉంటుందా అన్న ప్రశ్న ఆనాడు ఎవరికీ రాలేదు, నిలబడినవారిలో ఒకడినైన నాకూ రాలేదు. ఉపాధ్యాయుడిది దురుద్దేశం కాదు. ఆయన చేతిలో ఉన్న పాఠం పరిశుభ్రతది, నోటిలో ఉన్న మాట ‘గార’. ఆ రెండూ కలిసి నీటి దోషాన్ని పిల్లల దోషంగా మార్చాయి.

‘దోషం’ – ఒక పాత మాట, కొత్త అవసరం

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం (క్రీ.శ. 1369) నీటి విద్యకు సంబంధించిన అరుదైన వాచకం. విజయనగర రాజు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు తవ్వించిన ఆ చెరువు సందర్భంగా, మంచి తటాకానికి కావలసిన పన్నెండు అంగాలనూ, కీడు చేసే ఆరు దోషాలనూ సంస్కృతంలో చెక్కించారు. అంగాలలో జలశాస్త్రం తెలిసిన నిపుణుడు, తీయని నీటినిచ్చే నది ఉన్నాయి. దోషాలలో కట్టనుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం వంటివి ఉన్నాయి. నేల గుణమూ, కట్టడపు లోపమూ, పరిపాలనా చిక్కూ, పరిమాణ వ్యత్యాసమూ అన్నీ ఇక్కడ ఒకే ‘దోష’ శబ్దం కిందికి వచ్చాయి. దోషమని చెప్పడానికి నీరు మురికిగా ఉండనక్కరలేదు.

ఈ శాసనాన్ని ఆధునిక రసాయనశాస్త్రానికి పూర్వరూపంగా చూపడం నా ఉద్దేశం కాదు. దానికి ఫ్లోరైడ్ తెలియదు. ‘కాలుష్యం’ కంటే ‘నీటి దోషం’ విశాలమైన పరిభాష అన్నదే నా ప్రతిపాదన. మనుషులు వదిలిన వ్యర్థాల వల్ల కలిగే చెడుకు ‘కాలుష్యం’ అనే మాటను పరిమితం చేసి, రాతినుంచి వచ్చినా, గొట్టంనుంచి వచ్చినా శరీరానికి హాని చేసేదాన్నంతటినీ ‘నీటి దోషం’ అనవచ్చు. అప్పుడు తేటగా ఉన్న నీటికి కూడా దోషముండవచ్చునని చెప్పడానికి భాష అడ్డురాదు.

దోషాన్ని కొలవవలసిందే. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. పాఠాలు ఈ అంకెలను ఇస్తాయి గాని, ఆ అంకె తమ ఊరి నీటిలో ఎంతో తెలుసుకునే మార్గాన్ని అరుదుగా చెబుతాయి. ఆ ఖాళీలోకి ఇప్పుడు నీటి యంత్రాల వ్యాపారి చేతిలోని టి.డి.ఎస్. మీటరు వచ్చింది. అది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా వేస్తుంది. ఏ లవణం ఎంతో చెప్పదు. మొత్తం 400 చూపిన నీటిలో ఫ్లోరైడ్ 2 ఉండవచ్చు. కన్ను, నాలుక మోసపోయిన చోట ఈ మీటరు మూడో సాక్షిగా నిలబడి, అదీ మోసపోతుంది.

ఉపసంహారం

2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా నదీజలాలు ఫ్లోరైడ్ గ్రామాలకు చేరడం గొప్ప మార్పు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షా పరికరాల వినియోగంలో శిక్షణ ఇవ్వాలని నిర్దేశించింది. ఇన్నాళ్లూ ‘కాచి చల్లార్చాలి’ అన్న వాక్యానికి శ్రోతగా ఉన్న స్త్రీ ఇప్పుడు పరీక్షించి చెప్పే వక్త కాగల అవకాశం ఇది. ఆమె చేతికిచ్చే కరదీపిక ఏ తెలుగులో ఉంటుందన్నది ఇంజినీర్లు మాత్రమే తేల్చవలసిన విషయం కాదు.

పాఠ్యపుస్తకాల భాషా పరిష్కరణలోనూ, శాస్త్ర పరిభాష నిర్మాణంలోనూ తెలుగు శాఖలకు చాలాకాలంగా పాత్ర ఉంది. ఆ పాత్ర ఎక్కువగా అక్షరదోషాలు దిద్దడానికీ, సమానార్థకాలు సూచించడానికీ పరిమితమైంది. కర్త ఎందుకు లోపించింది, హితవాక్యం ఏ దోషానికి వర్తిస్తుంది, వాడుకమాట ఎవరిపై నింద మోపుతుంది అన్న ప్రశ్నలు కూడా పరిష్కర్తవే. తేటతనం గుణమని తెలుగు విమర్శ చాలాకాలంగా చెబుతూనే ఉంది. నీటి పాఠానికి వచ్చేసరికి తేటగా ఉన్నదాన్ని పరీక్షించకుండా నమ్మరాదని చెప్పగల తేటదనం కావాలి. అటువంటి పాఠం ఆ రోజు మా తరగతిలో ఉండి ఉంటే, నిలబడిన పిల్లలను చూసి ఉపాధ్యాయుడు ముందుగా పాఠశాల ఆవరణలోని బోరింగు వైపు చూసి ఉండేవాడు.