ఏ కన్ను మూస్తే ఏడ్చింది?

"మంచిగనే చూస్తడు సారూ. సెల్లు చూపిస్తే గుడ్లప్పగించి చూస్తడు." బోధన్‌లో చంటిపిల్లల కళ్లు పరీక్షించే మాలాంటి వాళ్లకు నాయనమ్మలు తరచూ చెప్పే మాట ఇది. అందులో అబద్ధం లేదు. కాకపోతే అది రెండు కళ్లూ కలిసి చెప్పిన సాక్ష్యం. ఒక కన్ను బాగుంటే చాలు, పిల్లవాడు నవ్వుతాడు, పాకుతాడు, సెల్లు లాక్కుంటాడు. రెండో కంటి సంగతి ఏ బడిలోనో, ఒక్కో కన్నూ మూసి బోర్డు చదవమన్నప్పుడు బయటపడుతుంది. అప్పటికి విలువైన ఏళ్లు కొన్ని గడిచిపోయి ఉంటాయి.

మా పరీక్షకు పెద్ద సరంజామా అక్కర్లేదు. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, జానెడున్నర దూరంలో ఒక చిన్న ఎర్రబొమ్మ పట్టుకుంటాం. అది చప్పుడు చేయకూడదు. గిలక్కాయ ఊపితే చూపులేని బిడ్డ కూడా తల తిప్పుతుంది, అది చెవి చేసిన పని. తల్లి గాజులు కూడా కాస్త పైకి తోసుకోమంటాను. సెల్‌ఫోన్ లైటునూ నమ్మను. మసక కన్నయినా వెలుగు వెంట పోతుంది. చూపు బొమ్మ మీద వాలిందా, వాలి నిలిచిందా, కన్ను అటూ ఇటూ ఊగుతోందా అని ముందు చూస్తాం. ఆ తర్వాత బొమ్మను మెల్లగా పక్కకు జరుపుతాం. రెండు నెలలు వచ్చేసరికి తల్లి ముఖం మీద చూపు నిలవాలి. మూడు నెలలు దాటాక బొమ్మ వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా కళ్లు రావాలి.

అసలు కిటుకు ఆ తర్వాత. దీవిస్తున్నట్టు నెత్తిన చెయ్యి వేసి, బొటనవేలు ఒక కంటికి అడ్డం పెడతాను. బిడ్డ పట్టించుకోకుండా బొమ్మనే చూస్తుంటుంది. వేలు రెండో కంటికి మారుస్తాను. మొహం చిట్లిస్తుంది, తల విదిలిస్తుంది, నా చెయ్యి నెట్టేస్తుంది, రాగం అందుకుంటుంది. ఆకలో నిద్రో కావచ్చు గనక కాసేపాగి మళ్లీ చేస్తాను. మళ్లీ అదే కన్ను మూసినప్పుడు ఏడిస్తే, బిడ్డ జవాబు చెప్పేసినట్టే. మూయనిచ్చిన కంటిలోనే లోపం ఉందని అనుమానించాలి. ఒకింట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, ఆ వెనక మరాఠీ వినబడే మా ఊళ్లో, భాషతో పనిలేని పరీక్ష ఇది.

"మెల్లకన్ను అదృష్టం" అని సరిపెట్టుకునేవాళ్లున్నారు. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పసివాళ్లకు మెల్ల లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎదురుగా టార్చి వేస్తే మెరుపుచుక్క రెండు కంటిపాపల్లోనూ ఒకే చోట పడాలి. ఒకదాంట్లో పక్కకు జరిగితే మెల్ల ఉన్నట్టే. మొదటి రెండు మూడు నెలలు కళ్లు అప్పుడప్పుడు పక్కకు పోవడం మామూలే. నాలుగు నెలలు దాటినా పోతుంటే అదృష్టానికి వదిలేయొద్దు. కంటిపాప తెల్లగా మెరిస్తే ఆ వారమే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. శుక్లం కావచ్చు, క్యాన్సరూ కావచ్చు.

ఎందుకింత తొందరంటే, చూపు నేర్చుకునేది మెదడు. 1960లలో హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు ఒక కంటి రెప్పలు కొంతకాలం కుట్టి ఉంచారు. విప్పాక కన్ను నిక్షేపంగా ఉంది, మెదడే దాన్ని పట్టించుకోవడం దాదాపు మానేసింది. ఆ పరిశోధనలకు 1981లో నోబెల్ వచ్చింది. ఒక కంట్లో పుట్టుశుక్లం ఉన్న బిడ్డకు పుట్టిన తొలి వారాల్లోనే ఆపరేషన్ మేలని డాక్టర్లు అంటున్నదీ అందుకే. నెలలు నిండకుండా, 2 కిలోల లోపు బరువుతో పుట్టినవాళ్లకు ఈ బొమ్మ పరీక్ష చాలదు. 30 రోజుల్లోపు రెటీనా చూపించాలి.

వైద్యం మనకు మరీ దూరంలో లేదు. ఎల్‌.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ పల్లెల్లో తన తొలి ఆసుపత్రిని 1996లో గోదావరి అవతల ముధోల్‌లోనే పెట్టింది. పిల్లల ఆరోగ్యం కోసం 2013లో మొదలైన కేంద్ర పథకం ఆర్‌బీఎస్‌కేలో చూపు లోపాల పరీక్షలూ ఉన్నాయి. ఊరికి అందాల్సింది ఆ బొటనవేలి పరీక్షే. దానికి కొత్త శిబిరాలు అక్కర్లేదు. నిజాంసాగర్ కాలువ కింది పల్లెల్లోనూ పిల్లల్ని 14 వారాలకు టీకాకు తెస్తారు, సరిగ్గా బొమ్మ వెంట చూపు రావాల్సిన వయసు. 9 నెలలకు మళ్లీ తెస్తారు. అప్పటికి నల్లగుడ్డ మీద చక్కెర పలుకు వేస్తే, ఒక్కో కంటితోనూ చూసి వేలితో అందుకోబోతారు. మా ఊరి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, బోధన్‌లో చక్కెర పలుకుకు కరువు లేదు కదా!

ఈసారి టీకాకు పోయినప్పుడు నర్సమ్మను ఒక్క మాట అడగండి: "మేడం, ఒక్కో కన్నూ విడిగా చూసిన్రా?"